కోళ్లకు వార్తలు చదివిన మా నాయిన

నేను పెంచి చెప్తాను, ముందే ఒప్పుకుంటున్నాను. నా మాటల్లో సగం కొట్టేసి, మిగిలినదాంట్లోంచి మళ్లీ కాస్త తీసేసి నమ్మమని మా ఇంటివాళ్లు కొత్త చుట్టాలకు చెప్తుంటారు. దీన్నీ అట్లాగే చదవండి.

ఇప్పుడు శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఫంక్షన్ హాళ్లు, వెంచర్ల కమాన్లు. పాతికేళ్ల కింద అక్కడ మనుషులకన్నా కోళ్లు ఎక్కువ. ఇంటికో బర్రె, రెండిళ్లకో మేకల దొడ్డి, చూపు ఆనినంత మేర రేకుల షెడ్లు. తెల్లారితే పాల క్యాన్ల మోపెడ్లు, గుడ్ల ట్రేల వ్యాన్లు పట్నం వైపు బారులు తీరేవి. ఒక్కరోజు అవి ఆగితే హైదరాబాద్ ఆమ్లెట్ అనే మాటే మరిచిపోయేది. ఇక వాసనంటారా, జవహర్‌నగర్ చెత్తకుప్పల పక్కన కాపురముండే మా మేనమామ కూడా మా ఇంటికొస్తే ముక్కుకు దస్తీ కట్టుకునేవాడు. ఈమధ్య అటు పోతూ కారు అద్దం దించి గట్టిగా పీల్చాను. సిమెంటు వాసన తప్ప ఏమీ రాలేదు. దిగులేసింది.

మాది గుడ్ల కోళ్ల ఫారం. ఇల్లు గడిచేదంతా దానిమీదే. కోళ్లు చావడానికి రోగమే రానక్కర్లేదు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే చాలు, అన్నీ ఒకే మూలకు ఉరికి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. కిందివి ఊపిరాడక పోతాయి. అందుకే షెడ్డులో పొద్దంతా రేడియో మోగించేవాళ్లం. మాటలకు అలవాటు పడ్డ కోడి చప్పుడుకు అంతగా జడవదు. మా కోళ్లయితే పాడిపంటల కార్యక్రమానికి తలలూపేవి. వాతావరణ సూచన రాగానే దాణా వదిలి పైకి చూసేవి.

ఒక వేసవిలో దేవరయాంజాల్ పెండ్లివాళ్ల బరాత్ బ్యాండు మేళంతో మా షెడ్డు ముందు నుంచే పోతుందని తెలిసింది. సరిగ్గా ఆ పొద్దునే రేడియో మూగబోయింది.

"బ్యాటరీలు తేపోరా, జల్దీ! బ్యాండు అచ్చేలోపు రావాలె," అన్నాడు నాయిన.

నాకు అప్పటికి ఇరవై రెండేళ్లు. సైకిలెక్కాను. శామీర్‌పేటలో దుకాణాలన్నీ బంద్. మేడ్చల్ దాకా తొక్కాను. దారిలో చెయిన్ పదకొండుసార్లు ఊడింది.

తర్వాత జరిగింది మా అవ్వ, నాయిన తల్లి, చెప్పింది. బ్యాండు చప్పుడు దూరంగా మొదలైంది. నేను రాలేదు. రోజంతా పది మాటలు మాట్లాడని నాయిన షెడ్డు మధ్యలో బోర్లించిన బకెట్ మీద కూర్చొని గొంతెత్తాడు.

"వార్తలు! శామీర్‌పేటల ఎండ మస్తుగున్నది. దాణా ధర చెప్ప, మీరు పరేషాన్ అయితరు."

వార్తలు అయిపోయాయి. తన చిన్నతనం ఎత్తుకున్నాడు. పెండ్లిచూపుల్లో మా అమ్మను చూసి చెమటలు పట్టిన సంగతి చెప్పాడు. బ్యాండు దగ్గరికొచ్చే కొద్దీ గొంతు పెంచాడు. డప్పు షెడ్డు ముందుకొచ్చేసరికి అరుస్తున్నాడట. కోళ్లు తలలెత్తి చూసి, మళ్లీ ఊక గీరుకున్నాయి. ఒక్కటీ చావలేదు.

"కన్నతల్లిని, నాకే తెల్వని ముచ్చట్లు కోళ్లకు చెప్పిండురా!" అంది అవ్వ. మురిసిందో అలిగిందో ఇప్పటికీ తేలలేదు.

నేను చేరేసరికి నాయిన గొంతు పూర్తిగా పోయింది. "దొరికినయా?" అన్నాడు, గాలి తప్ప శబ్దం లేకుండా.

"షాపులన్నీ బంద్ నాయినా. మేడ్చల్ దాక పోయిన."

ఇప్పుడు అసలు కల్పన ఏదో చెప్పాలి. కోళ్లు తలలూపడం ఉత్త అతిశయం, దాన్ని వదిలేయండి. మేడ్చల్ ప్రయాణం మాత్రం పచ్చి అబద్ధం. శామీర్‌పేటలో మొదటి దుకాణంలోనే బ్యాటరీలు దొరికాయి. తిరిగొస్తుంటే బరాత్ కలిసింది, దోస్తులు చెయ్యి పట్టి గుంజారు. బ్యాటరీలు జేబులో వేసుకొని, మా షెడ్డు ముందు కూడా ఆగకుండా, ఆ బ్యాండు ముందు ఎగిరింది నేనే.

నాయిన నా జుట్టులో ఇరుక్కున్న బరాత్ చమ్కీ కాగితం తీసి కింద పడేశాడు. "నీళ్లు తాగు," అన్నాడు.

సాయంత్రం బ్యాటరీలు వేశాను. రేడియో మోగింది. బ్యాటరీలు ఎక్కడివని నాయిన అడగలేదు.