మొదటి ఏటి మొగ్గలు

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనేవారు. ముప్ఫై రెండేళ్ళు ముందుగదిలో మిషను పెట్టుకుని వీధంతటికీ బట్టలు కుట్టింది. పనితనానికి వంక పెట్టడానికి లేదు గానీ, ఆమె దగ్గర కుట్టించుకున్న ఏ పిల్లా మొదటి ఏడాది ఒంటికి సరిపోయే గౌను తొడుక్కున్న పాపాన పోలేదు. భుజం దగ్గర ఒక మడత, నడుం దగ్గర ఒక మడత, అంచున నాలుగు వేళ్ళ మడత. "ఎదిగే పిల్ల కదమ్మా, మూడేళ్ళయినా రావద్దూ" అనేది. పిల్లలు ఆ గౌనుల్లో గోనెసంచిలో దూరినట్టు తిరిగేవారు. మూడో ఏటికి మాత్రం అతికినట్టు ఉండేది. అప్పటికి రంగు వెలిసిపోయేదనుకోండి, అది వేరే సంగతి.

ఆమె భర్త బస్సు డ్రైవరు. నెమ్మదస్థుడు. నోట్లో నాలుక లేని మనిషని ఆమే అనేది, కానీ ఎవరినైనా ఆటపట్టించాలంటే ఆ నాలుక ఎక్కడినుంచో వచ్చేది. ఉద్యోగం నుంచి దిగిన రెండో ఏడు ఆయనకు ఊపిరి అందడం తగ్గింది. ముందు మెట్లు ఎక్కలేకపోయాడు, తరవాత వీధి చివరిదాకా నడవలేకపోయాడు, ఆ తరవాత మంచం దిగడమే గగనమైంది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆమెనూ కూతురినీ పక్కకు పిలిచి, ఆరు నెలలు, మహా అయితే ఏడాది అన్నాడు. కూతురు గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆమె ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళి, "మందులు మారుస్తారట, నెమ్మది మీద తగ్గుతుందన్నారు" అని చెప్పింది. అంత చక్కగా అబద్ధం ఆడగలనని ఆమెకే తెలియదు. ఆయన సరేనన్నాడు. నమ్మాడనే ఆమె అనుకుంది.

మంచాన్ని వెనకగదిలో కిటికీ పక్కకు మార్చారు. కిటికీలోంచి చూస్తే పెరడు. పెరడంటే పేరుకే పెరడు, రాళ్ళూ రప్పలూ, బట్టలారేసే తీగ, ఒక విరిగిన బకెట్టు.

"ముప్ఫై ఏళ్ళు అద్దంలోంచి లోకాన్ని చూశాను," అన్నాడు ఆయన. "ఇప్పుడూ అద్దమే. కాకపోతే ఈ బండి కదలదు. పొద్దున లేస్తే ఎదురుగా అదే బకెట్టు."

ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. ఆ పెరడును పూలతోట చేయాలని ఆ రోజే అనుకుంది. అనుకున్నదంటే ఇక ఆగే మనిషి కాదు.

తోట వేయడానికి కూడా ఆమె బట్ట కత్తిరించినట్టే మొదలుపెట్టింది. మెడలో టేపు వేసుకుని పెరడంతా కొలిచింది. ఇరవై రెండు అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పు. కొలతలన్నీ ఖాకీ కాగితం మీద గీసుకుంది. పక్కింటి మేడ నీడ మధ్యాహ్నం దాటాక పెరట్లోకి వస్తుంది, ప్రహరీ మూలకు రోజంతా ఎండే రాదు. వారం రోజులు గంటగంటకీ బయటికి వెళ్ళి, ఎండ పడే చోట ఎర్రగుడ్డ పేలిక కట్టిన పుల్ల, నీడ ఉండే చోట నీలం పేలిక కట్టిన పుల్ల పాతింది.

"ఎరుపంటే ఆగమని కదా," అన్నాడు ఆయన కిటికీలోంచి. "నువ్వేమిటి, ఎర్రగుడ్డ ఉన్నచోటే గొయ్యి తవ్వుతానంటావు?"

"మీ రూల్సు రోడ్డు మీద. ఇది నా పెరడు."

"అయితే నీలం దేనికి?"

"నీడకి. ఫెర్నులూ, నీడలో బతికే లిల్లీలూ అటు వేస్తాను. ఎండ వైపు గులాబీ, మల్లె, నూరువరహాలు. మీరు నోరు మూసుకుని ఊపిరి తీసుకోండి."

నోరు మూసుకుంటే ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్పమన్నాడు ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుకే ఆయనకు పావుగంట దగ్గొచ్చింది.

మొక్కల నర్సరీ నడిపే అతను ఆమెకు ఏ వరసా కాడు, అయినా అక్కా అనే పిలిచేవాడు. ఇంట్లో సంగతి అతనికి తెలుసు. ఖాకీ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, కాసేపు నసిగి, "అక్కా, ఇవన్నీ ఏళ్ళ తరబడి బతికే రకాలు. వేరు పట్టి, గుబురు కట్టి, నిండుగా పూసేసరికి రెండేళ్ళు పడుతుంది. ఈ ఏటికి బంతులో, సీజన్ పూలో వేసేయకూడదా? నెల తిరక్కుండానే కళకళలాడతాయి" అన్నాడు.

ఆమె ఒంటికాలి మీద లేచింది. "నెలలో పూసి మూడు నెలల్లో ఎండిపోయేవి నాకెందుకు? మా ఆయన ఏళ్ళ తరబడి చూడాలి ఈ తోటని."

అతను తల వంచుకున్నాడు. బంతినారు వేస్తే డాక్టరు మాటకు తలూపినట్టేనని ఆమెకు తోచింది. ఆ మాట బయటికి అనలేదు గానీ, ఆమె కోపమంతా అదే. మొక్కలు బండికి ఎక్కిస్తూ అతను, "గులాబీకి మొదటి ఏడు మొగ్గ రాగానే తుంచేస్తే బలం వేరుకు పోతుందక్కా. ఒకటీ అరా ఉంచుకోవచ్చనుకో" అన్నాడు. మొదటి సగమే ఆమె చెవికెక్కింది.

మొక్కకూ మొక్కకూ మధ్య మూడడుగులు వదిలి నాటింది. ఎదిగాక పరుచుకోవాలి కదా మరి. అంతా అయ్యాక కిటికీలోంచి చూస్తే పెరడు నిండా దున్నిన మట్టి, మధ్య మధ్య జానెడు మొక్కలు.

"ఒక్కోదాని మధ్య బస్సు తిప్పుకోవచ్చు," అన్నాడు ఆయన. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని, ఇప్పటినుంచే వాటికి అంత చోటెందుకే?"

"చూస్తూ ఉండండి. మూడో ఏటికి వేలు పెట్టే సందుండదు."

ఆయన తలకింద దిండు ఎత్తు చేయించుకున్నాడు. అప్పటినుంచి రోజూ ఆ మట్టినే చూసేవాడు. ఏ మొక్క చిగురేసిందో, దేని ఆకు పండిందో ఆమెకన్నా ముందు ఆయనే చెప్పేవాడు. పొద్దున్నే కాఫీ తెచ్చేసరికి, "నీ రెండో నంబరు ఫెర్ను వేలు చాపింది" అనేవాడు. ఆదివారం కూతురు వస్తే తండ్రీకూతుళ్ళు కిటికీ దగ్గర కూర్చుని మొక్కలకు బస్సు రూట్ల నంబర్లు పెట్టేవారు. ఆమెకు ఆ నాలుగు నెలలూ నిజంగానే తగ్గుతున్నట్టు అనిపించింది. మనసుకు ఏది కావాలో కన్ను అదే చూస్తుంది.

ఐదో నెల మొదట్లో కిటికీ ఎదుటి గులాబీకి మొగ్గ వచ్చింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. మూడు రోజులు ఒక్కడే చూసుకున్నాడు. నాలుగో రోజు మొగ్గ చివర సన్నగా రంగు తొంగి చూసింది. ఆ పొద్దున ఆమె కలుపు తీస్తూ అక్కడికి వచ్చింది, మొగ్గను చూసింది, వేలి గోటితో టక్కున తుంచేసింది.

"అయ్యో," అన్నాడు ఆయన లోపలినుంచి.

ఆమె తలెత్తింది. "మొదటి ఏడు మొగ్గ ఉంచకూడదండీ. వేరు బలపడాలి."

"ఒక్కటి ఉంచకూడదా?"

"వచ్చే ఏడు గుప్పెళ్ళతో పూస్తుంది. అప్పుడు చూద్దురుగాని."

ఆయన కాసేపు ఆమె ముఖంలోకే చూశాడు. తరవాత, "సరేలే, నీ ఇష్టం" అన్నాడు. అలాంటివి ఇంకో నాలుగు మొగ్గలు వచ్చాయి ఆ నెలలో. నాలుగూ తుంచింది. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ నెల దాటకుండానే ఆయన పోయాడు. పొద్దున ఏడింటికి, ఎండ గులాబీల మీదికి వచ్చే వేళకు. చేతిలో కాఫీ గ్లాసుతో గడపలో నిలబడిపోయింది ఆమె. ఆయన ముఖం కిటికీ వైపే తిరిగి ఉంది. ఏడవడానికి కూడా ఆమెకు చాలాసేపు పట్టింది.

మంచం తీసేశారు. ఏడాది గడిచింది, రెండో ఏడు సగమైంది. తోట మాత్రం ఆమె చెప్పినట్టే చేసింది. గులాబీలు కిటికీ ఊచల్లోంచి లోపలికి తల పెట్టాయి. మల్లె ప్రహరీ ఎక్కింది. నీడ మూలన తెల్ల లిల్లీలు వరసగా నిలబడ్డాయి. వీధిలో వాళ్ళు పనిగట్టుకుని వచ్చి చూసేవారు, చెయ్యి మంచిదనేవారు. ఎవరైనా పువ్వు కోసుకుంటామంటే కోసుకోమనేది. తను మాత్రం ఒక్కటీ కోయలేదు. వెనకగది తలుపు ఎప్పుడూ దగ్గరగా వేసే ఉంచేది.

ఎరువు కోసం నర్సరీకి వెళ్ళినప్పుడు అతను తోట గురించి అడిగాడు. బాగా పూస్తోందని చెప్పింది.

"ఆయన ఉంటే ఎంత సంబరపడేవారో," అన్నాడు అతను ఎరువు సంచిలోకి తోడుతూ. "ఆ రోజు ఆయన ఫోన్ చేశాక పది బంతి కుండీలు బండెక్కించాను కూడా అక్కా. విచ్చుకుని ఉన్నవి ఏరి మరీ పెట్టాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేసి దించేయమన్నారు."

"ఏ ఫోను?"

అతని చెయ్యి ఆగిపోయింది. ఆమెకు తెలుసనే అనుకున్నాడు పాపం. ఇక దాచి లాభం లేదని చెప్పాడు. ఏదో మొగ్గ తుంచేశారట, ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఫోన్ చేసి, ఏ పూలైనా సరే, పూసి ఉన్నవి పది కుండీలు పంపమన్నాడు. మర్నాడు వద్దన్నాడు.

"ఎందుకు వద్దన్నారు?" అంది ఆమె.

అతను చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "'మా ఆవిడ మూడేళ్ళ లెక్క వేసుకుని తిరుగుతోందయ్యా. ఇప్పుడు పూసేవి తెప్పిస్తే, నాకు సంగతి తెలుసని దానికి తెలిసిపోతుంది. తట్టుకోలేదు. ఉండనీలే' అన్నారు."

ఆమె ఎరువు సంచి అక్కడే వదిలేసింది. పూసి ఉన్న బంతి కుండీలు పది కావాలని అడిగింది. అతను మారుమాట లేకుండా బండెక్కించాడు.

ఆదివారం కూతురు వచ్చేసరికి వెనకగది తలుపు బార్లా తెరిచి ఉంది. కిటికీ నిండా గులాబీలు కమ్ముకుని గది చీకటిగా ఉంది. మంచం ఉండే చోట, తలవైపు నుంచి కాళ్ళవైపు దాకా, బంతి కుండీలు రెండు వరసల్లో పెట్టి ఉన్నాయి. వాటి పక్కన నేల మీద తల్లి కూర్చుని ఉంది.

"ఇదేంటమ్మా," అంది కూతురు. "బంతికి ఎండ కావాలి కదా. ఇక్కడ వారం కూడా బతకవు."

"తెలుసు," అంది ఆమె. "వారం చాలు, ఉండనీ."