కార్బురేటర్లకి దుమ్ము పడదు

మామగారికున్నది ఒకటే పిచ్చి: దుమ్ము భయం. అదీ తనకోసం కాదు, తన కారు కోసం. ఉద్యోగమంతా రోడ్లేయించి, కంకరపొడిలోనే నెరిసిపోయి రిటైరైన ఇంజనీరు. అలాంటి మనిషి ఇంట్లో ఎవరి చేతిలోనైనా పొడి చీపురు కనిపిస్తే పామును చూసినట్టు ఎగిరిపడేవారు.

"ఆగండాగండి! తడిగుడ్డ ఏదీ? కార్బురేటర్లకి దుమ్ము పడదు!"

కోడలు కాపురానికొచ్చిన కొత్తల్లో ఆ మాటకి నవ్వింది. కొన్నాళ్ళకి విసుక్కుంది. ఆ తర్వాత చేసేదేం లేక మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.

కార్బురేటరంటే పాతకాలపు ఇంజనుకి ముక్కులాంటిది. గాలి పీల్చి, పెట్రోలు కలిపి లోపలికి పంపుతుంది. మామూలు కార్లకి ఒకటుంటుంది. వంటింటిని ఆనుకుని ఉన్న షెడ్డులో కొలువుదీరిన ఈ మహాతల్లికి రెండు. రెండింటికీ ముందుండాల్సిన ఎయిర్ ఫిల్టర్లు ఏనాడో ఊడిపోయాయట. అంచేత రెండు ముక్కులూ బార్లా తెరుచుకుని ఉంటాయి. వాటిలోకి నలకైనా పోకుండా కాపలా కాయడానికే తాను పుట్టినట్టు మామగారు ప్రవర్తించేవారు.

కోడలి పుట్టింటివాళ్ళిచ్చిన ఎర్ర తివాచీ మొదటి వారంలోనే అటకెక్కింది. "తివాచీ కాదమ్మా అది, దుమ్ము గోదాము!" అన్నారు. దోమలచుట్ట వెలిగించకూడదు, తెరలు కట్టుకోవాలి. మిరపకాయలు పెరట్లోనే వేయించాలి. దూదిదిళ్ళు పోయి రబ్బరుదిళ్ళొచ్చాయి. వచ్చినవాళ్ళు చెప్పులు గేటు దగ్గరే విప్పి, కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి రావాలి. వీధి వీధంతా ఆయనకి తడిగుడ్డాయన అని పేరు పెట్టేసింది.

"మావయ్యా, దిండుకీ కారుకీ ఏంటండీ సంబంధం?" అని అడిగిందోసారి.

"గాలికి గోడలున్నాయా తల్లీ? ఇక్కడ దులిపితే అక్కడ తేల్తుంది."

"పోనీ షెడ్డు తలుపు మూసేస్తే?"

"మూస్తే దానికి ఊపిరాడొద్దూ?" అంటూ ఆయన తడిగుడ్డ పిండుకుంటూ వెళ్ళిపోయారు. ఇంజనీరుతో వాదించి గెలిచినవాళ్ళు ఎవరున్నారు గనక!

ఊపిరి సంగతి కోడలికి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఆమెకి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. పుట్టింట్లో ఆ పేరు చెప్పి మెట్లెక్కనిచ్చేవారు కాదు, ఆటకి పంపకుండా కుర్చీలో కూర్చోబెట్టేవారు, గట్టిగా నవ్వితే కూడా "అయ్యో, ఆయాసమొస్తుందే!" అనేవారు. కొట్లాడి మరీ రేడియోలో వార్తలు చదివే ఉద్యోగం తెచ్చుకుంది. ఇక్కడ తెలిస్తే మళ్ళీ ఆ కుర్చీలోనే కూలేస్తారని, ఆ ఉద్యోగం కాస్తా పోతుందని ఆమె భయం. భర్త చేత ఒట్టేయించుకుంది. పీల్చుకునే మందు గొట్టాన్ని చీరల మడతల్లో దాచుకుంది. అదృష్టం కొద్దీ ఇక్కడికొచ్చాక దాని అవసరం పడటమే తగ్గిపోయింది. ఈ ఊరి గాలే మంచిదనుకుని సంబరపడేది.

అటకెక్కిన తివాచీ మాత్రం మనసులోంచి దిగలేదు. అందుకని ఊళ్ళో పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి, ఎట్టకేలకి ఆ కారుకి సరిపోయే ఎయిర్ ఫిల్టర్ల జత పట్టింది. గుండ్రంగా, తళతళలాడుతూ, కొత్త వెండి డబ్బాల్లా ఉన్నాయి. దుకాణదారు మరీమరీ చెప్పి పంపాడు.

"ఫిల్టరుకీ కార్బురేటరుకీ మధ్య ఈ అట్టముక్క పడుతుందమ్మా, గాస్కెట్ అంటారు. దీనికున్న ఈ రెండు చిన్న కన్నాలు కార్బురేటరు కన్నాలతో కలవాలి. తిరగేసి బిగించారో, బండికి ఆయాసం పట్టుకుంటుంది."

ఆయాసం అన్న మాట ఆమె మర్చిపోయే మాట కాదు.

ఫిల్టర్లు చూసి మామగారు ఎగిరి గంతేస్తారనుకుంది. ఆయన మొహం చూస్తే, సెలవనుకున్న రోజున బడికి పంపుతున్నట్టుంది.

"భలే తెచ్చావమ్మా," అని వాటిని బీరువాలో పెట్టి తాళమేశారు.

వారం గడిచింది. "బిగిద్దామా మావయ్యా?" అంటే "స్పానర్ కనపడటం లేదు" అన్నారు. స్పానర్ ఆయన జేబులోనే ఉంది. మరో వారం గడిచాక "ఇంజను పక్కరేకుకి తగుల్తాయేమో, చోటు చాలదమ్మా" అన్నారు. కోడలు ఫిల్టరంత అట్ట కత్తిరించి కొలిచి చూపించింది, వేలు దూరేంత చోటు మిగిలింది. "ఇవాళ మబ్బేసింది," అన్నారు ఆ తర్వాత.

"మబ్బుకీ ఫిల్టరుకీ ఏంటండీ?" అని అత్తగారు వంటింట్లోంచి నవ్వారు. ఆ నవ్వులో ఏదో తేడా ఉందని కోడలికి అప్పుడు తట్టలేదు.

చివరికో ఆదివారం పొద్దున తప్పించుకునే దారిలేక బిగించారు. తాళం తిప్పగానే కారు బుద్ధిగానే గుర్రుమంది. యాక్సిలరేటర్ తొక్కేసరికి దగ్గింది, ఎగశ్వాస తీసింది, కళ్ళు తేలేసి ఆగిపోయింది.

"చూశావా!" మామగారి మొహం వెలిగిపోయింది. "దీనికి ఫిల్టర్లు పడవు. తీసేద్దాం. మనకి తడిగుడ్డే గతి!"

కారు చచ్చిపోతే ఇంత ఆనందమేమిటా అనుకుంది కోడలు. కొంగు దోపుకుని, స్పానర్ లాక్కుని, ఒక ఫిల్టరు విప్పింది. గాస్కెట్ తిరగేసి ఉంది. చిన్న కన్నాలు రెండూ మూసుకుపోయాయి. రెండో ఫిల్టరు విప్పింది. అదీ అంతే.

"మావయ్యా, రెండూ తిరగేసి పెట్టారు!"

"అలాగా? పెద్దవాణ్ణయ్యానమ్మా, చూపు ఆనడం లేదు."

"నిన్న సూదిలో దారం ఎక్కించింది మీరేగా?"

ఆయన షెడ్డు కప్పు కేసి చూడసాగారు. కోడలు గాస్కెట్లు సరిచేసి, ఫిల్టర్లు మళ్ళీ బిగించి, కారు స్టార్ట్ చేసింది. ఈసారి తొక్కితే ఇంజను హాయిగా, నిండుగా ఊపిరి పీల్చుకుని పాటెత్తుకుంది.

"అయితే ఇక దుమ్ము బాధ తీరినట్టేగా? తివాచీ దించుకోనా?"

మామగారు తడుముకున్నారు. "తివాచీయా? అదీ... రేడియేటరుకి కూడా దుమ్ము పడదమ్మా. టైర్లకైతే అసలే..."

"చాల్లెండి!" అత్తగారు గరిటతో సహా షెడ్డులోకొచ్చారు. "టైర్లకి దుమ్ము పడకపోతే అవి ఆకాశంలో తిరుగుతాయా? ఇక చెప్పెయ్యండి. ఏం లేదే పిల్లా, నువ్వు కాపురానికొచ్చేదాకా ఆ కార్బురేటర్లో కందిరీగలు గూడు కట్టుకుని, పిల్లల్ని కని, పెళ్ళిళ్ళు చేసి పంపాయి. ఈయన ఒక్కనాడు ఊదిన పాపాన పోలేదు!"

"మరి..." అంది కోడలు.

మామగారు నేల చూపులు చూస్తూ చెప్పారు. "నువ్వొచ్చిన రెండోరోజు గదిలో వార్తలు చదువుకుంటున్నావు. వాక్యం మధ్యలో నువ్వు ఊపిరి తీసినప్పుడు సన్నగా ఈల వినపడింది. మా అక్కకీ ఉండేదమ్మా ఆ ఈల. బంగారంలాంటి గొంతు. రోగిష్టిది, రోగిష్టిది అని మూల కూర్చోబెట్టారు తప్ప ఒక్కరోజూ పాడనివ్వలేదు. నువ్వు దాచుకున్నావంటే నీకూ అదే భయమనుకున్నాను. నిన్ను రోగిని చెయ్యడం దేనికి? కారుని చేస్తే పోలా! అది ఏమన్నా అనుకుంటుందా?"

"వెర్రిబాగులదాన్ని, ఈ ఊరి గాలి మంచిదనుకుంటున్నాను మావయ్యా!"

"కంకరమిల్లు పక్కనున్న ఊరికి మంచి గాలెక్కడిదమ్మా!" అని ఆయన పకపకా నవ్వారు.

తివాచీ కోసం ఆయన మీద ఎన్ని విసుర్లు విసిరిందో తలుచుకుని కోడలు సిగ్గుపడింది. వీధంతా తనని పిచ్చివాడంటుంటే నవ్వుతూ భరించిన ఆ మనిషిని చూస్తుంటే ఆమె మనసు నిండిపోయింది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే ఆయన పారిపోతారని ఊరుకుంది.

ఇంతలో ఇంజను మోత విని ఎదురింటావిడ చెప్పులతోనే గేటు తోసుకుని వచ్చేసింది.

"ఫిల్టర్లు బిగించేసినట్టున్నారే! హమ్మయ్య, ఇక కాళ్ళు కడుక్కునే పన్లేదు!"

మామగారు నోరు తెరవబోయారు. ఈసారి ఏ భాగానికి దుమ్ము పడదని చెబుతారో ఆయనకే తెలిసినట్టు లేదు. కోడలే ముందుకొచ్చింది.

"కడుక్కోవాలి పిన్నిగారూ. కారుకి కాదండీ, నాకు దుమ్ము పడదు. నాకు ఉబ్బసం."

ఆ మాట ఆ ఇంట్లో ఆమె పైకి అనడం అదే మొదటిసారి. అనేశాక చూస్తే ఏ కుర్చీ ఆమెకోసం రాలేదు. ఎదురింటావిడ మాత్రం నడుం మీద చేతులేసుకుంది.

"ఆ ముక్క ముందే చెప్పొద్దుటమ్మా? డొక్కు కారుకి భయపడి కాళ్ళు కడుక్కుంటున్నావా అని మా ఆయన నన్ను ఎంత ఏడిపించాడో తెలుసా? నీకోసమంటే రెండుసార్లు కడుక్కునేదాన్ని కదే!"

అంటూనే వెనక్కి తిరిగి, గేటు పక్కన చెప్పులు విప్పి, కుళాయి తిప్పింది.

"మడమలు కూడానండీ!" అని షెడ్డులోంచి కేకేశారు మామగారు.