స్టెతస్కోపు గొట్టం

అరవైల తొలినాళ్లలో జువ్వలదిన్నె పోయే బాడుగ కారు మిట్టమధ్యాహ్నం మూడోసారి ఆగిపోయింది.

"రబ్బరు గొట్టం ఎండి చీలిపోయినాది. గాలి దూరి ఇంజను ఆరిపోతాంది. కొత్తది ఈడ యాడ దొరుకుతాది?" అన్నాడు డ్రైవరు, బానెట్ ఎత్తి చూసి.

నా పక్కన కునుకుతున్న నర్సమ్మ కళ్లు తెరిచింది. రెండు రోజులుగా నిద్ర లేదట, ఇప్పుడింకో కాన్పు చేయడానికి పోతోంది. సంచిలోంచి స్టెతస్కోపు తీసి, కత్తెరతో దాని గొట్టం కోసి డ్రైవరుకిచ్చింది.

"బిడ్డ గుండె ఎట్ట వింటారమ్మా?" అన్నాను.

"చెవి ఉండాది కదన్నా. ముందు ఆడికి చేరాల."

డ్రైవరు పాత గొట్టం పీకి అది తొడిగాడు. ఇంజను అందుకుంది. ఆమె మళ్లీ కునికింది.

జువ్వలదిన్నెలో దిగి, ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ పోతూనే, ఆమె చెవిమీద పడిన వెంట్రుకలు వెనక్కి దోపుకోవడం నాకింకా గుర్తుంది.