ఉప్పాడ ఒడ్డున చామంతి గొంతు

ముందే చెప్తున్నాను, నేను దెయ్యాలని నమ్మే మనిషిని కాదు. మాది నిడదవోలులో టెంటు సామాన్ల షాపు. పెళ్లికి వేసిన షామియానానే మర్నాడు చావింటికి వెళ్తుంది, అక్కణ్ణుంచి ఓణీల ఫంక్షన్‌కి వెళ్తుంది. శవం చుట్టూ వేసిన కుర్చీల్లోనే కూర్చుని జనం పెళ్లి భోజనాలు చేస్తారు. దెయ్యాలంటూ ఉంటే ముందు మా గొడౌన్‌లోనే కాపురం పెట్టాలి. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ గొడౌన్ తాళాలు నా కొంగుకే ఉన్నాయి. ఒక్కదాన్నే వెళ్లి సామాను సర్ది వచ్చేదాన్ని. మా అత్తగారు దిష్టి తీసి పడేసిన నిమ్మకాయని చెప్పుతో పక్కకి తన్నుకుంటూ పోతే ఆవిడ లబోదిబోమనేవారు.

అందుకని ఇది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. మూడేళ్ల క్రితం అయితే నేనూ నవ్వేదాన్ని.

షాపుతోపాటు మాకు పెళ్లి ఊరేగింపులకి ఇచ్చే గుర్రాలు రెండు ఉండేవి. రెండూ తెల్లవే, తల్లీ కూతురూ. తల్లి పేరు చామంతి, కూతురు పేరు మల్లి. మల్లి మా పెరట్లోనే పుట్టింది.

గుర్రాల సంగతి తెలియనివాళ్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అవి తమవాళ్లని కంటితో కన్నా చెవితో, ముక్కుతో ఎక్కువ గుర్తుపడతాయి. చామంతిని ఊరేగింపు నుంచి వెనక్కి తెస్తుంటే, వ్యాను ఇంకా కాలవ వంతెన దగ్గర ఉండగానే సకిలించేది. ఇక్కడ పెరట్లో మల్లి చెవులు నిక్కబొడుచుకుని బదులు పలికేది. దారిన వేరే గుర్రం ఎంత అరిచినా తల కూడా ఎత్తేది కాదు. వ్యాను దిగాక రెండూ మూతీ మూతీ ఆనించి, ఒకదాని ముక్కులోకి ఒకటి ఊపిరి వదులుకునేవి. అది అయ్యాకే గడ్డి ముట్టేవి. గొంతు విన్నా సరే, వాసన చూడందే వాటికి నమ్మకం కుదరదు.

చామంతి గొంతు మా వీధి వీధంతా గుర్తుపట్టేది. మా దగ్గరికి రాకముందు ఎవరో కట్టేసిన తాడు బిగుసుకుని దాని గొంతు దెబ్బతింది. సకిలింపు బాగా సాగి, చివర రెండుసార్లు దగ్గినట్టు తెగిపోయేది. మా అమ్మాయి చిన్ని దాన్ని అనుకరిస్తుంటే మేం పడీపడీ నవ్వేవాళ్లం.

ఆ చామంతి ఉప్పాడలో చచ్చిపోయింది. ఒక పెళ్లికి తీసుకెళ్తే అక్కడ కడుపునొప్పితో కూలబడింది. డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోయింది. అంత బరువుని వెనక్కి తేలేక, మా ఆయన అక్కడి చేపల వేటగాళ్ల సాయంతో ఒడ్డునే, కొబ్బరిచెట్ల వెనక గొయ్యి తవ్వించి పూడ్చి వచ్చాడు. తర్వాత సముద్రం ఆ ఒడ్డునంతా కోసుకుపోయింది. ఆ కొబ్బరిచెట్లూ లేవు, ఆ గొయ్యీ లేదు. ఇప్పుడక్కడ నీళ్లే.

మల్లి చాలాకాలం వ్యాను చప్పుడు విన్నప్పుడల్లా సకిలించి, బదులు కోసం చెవులు రిక్కించి నిలబడేది. మెల్లగా అదే మానేసింది.

మూడేళ్ల క్రితం వేసవిలో మళ్లీ ఉప్పాడ నుంచి పిలుపు వచ్చింది. బోట్ల యజమాని ఒకాయన, కొడుకులిద్దరికీ ఒకే ముహూర్తానికి పెళ్లి చేస్తున్నాడు. ఇద్దరు పెళ్లికొడుకులకీ రెండు గుర్రాలు కావాలన్నాడు. మాది ఒకటి, కాకినాడ వైపు నుంచి ఇంకొకాయనది ఒకటి. సెలవులు కదా, సముద్రం చూస్తానని చిన్ని గోల పెడితే నేనూ బయల్దేరాను. దానికప్పుడు ఏడేళ్లు.

కాకినాడాయనది మగగుర్రం. ఆడగుర్రం పక్కన మగగుర్రాన్ని నడిపించాలంటే మా వృత్తిలో అందరూ చేసే పని ఒకటుంది. వాటి ముక్కుల్లో తలనొప్పి బామ్ దట్టంగా పూస్తారు. ఆ ఘాటుకి ఒకదాని వాసన ఒకదానికి తెలియదు, గొడవ చెయ్యకుండా నడుస్తాయి. మా ఆయన వ్యాను దిగీ దిగగానే మల్లికి బామ్ పూసేశాడు. రెండో గుర్రం ఇంకా రోడ్డు మీద వాళ్ల వ్యానులోనే ఉంది.

సాయంత్రం, ఇంకా ఎండ ఉంది. పెళ్లికొడుకులు తయారవుతున్నారు. బ్యాండువాళ్లు టీలు తాగుతున్నారు. మా ఆయన వాళ్లతో దారి గురించి మాట్లాడుతున్నాడు. మల్లిని పడవలు దింపే ఇసక పక్కన నిలబెట్టి తాడు నేను పట్టుకున్నాను. "అమ్మా, పెళ్లికొడుకు రాకముందే ఒక్కసారి ఎక్కుతానే" అని చిన్ని ప్రాణం తీస్తుంటే దాన్ని జీను మీద కూర్చోబెట్టాను. చిన్నప్పట్నుంచీ ఎక్కుతున్నదే, కొత్తేం కాదు.

అప్పుడు సముద్రం వైపు నుంచి గుర్రం సకిలించింది.

బాగా సాగి, చివర రెండుసార్లు దగ్గినట్టు తెగిపోయింది.

ఏమిటని ఆలోచించేలోపే మల్లి తలెత్తి, ఒళ్లంతా ఊగిపోయేలా బదులు పలికింది. అంత గట్టిగా అది పలికి ఎన్నాళ్లయిందో. నా చేతిలో తాడు సర్రున జారిపోయింది. అరచెయ్యి ఒరుసుకుపోయింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

మల్లి బెదిరి పరిగెత్తలేదు. అది గుర్తుపెట్టుకోండి. తల్లి వ్యాను దిగుతుంటే ఎలా వెళ్లేదో అలాగే, గొంతులో చిన్నగా గురగురమంటూ, తల ఆడించుకుంటూ, రెండు పడవల మధ్య నుంచి నేరుగా నీళ్లలోకి నడిచింది. మీద నా కూతురు.

చిన్ని మొదట నవ్వింది. నీళ్లు కాళ్లకి తగిలాక "అమ్మా" అని అరిచింది. నేను చీర కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడుతుంటే పడుతూ లేస్తూ వెనకాల పరిగెత్తాను. నాకు ఈత రాదు. అక్కడ ఒడ్డు పళ్లెంలా ఉండదు, నాలుగడుగులు వేస్తే దిగిపోతుంది. పిల్ల పోతుంది, నా కళ్ల ముందే పోతుంది అన్న మాట తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

మళ్లీ పిలిచింది. ఈసారి ఇంకా దగ్గర నుంచి. ఎదురుగా నీళ్లు, అలలు, దూరంగా ఒక పడవ. ఇంకేమీ లేదు. మల్లి ఆ గొంతుకి చెవులు పెట్టి ఇంకో అడుగు వేసింది.

నడుంలోతు నీళ్లలో దాని కళ్లెం అందింది. లాగితే ఆగదు. ఏం చెయ్యాలో తెలియక తడి కొంగు దాని మూతికి చుట్టి, రెండు చేతులా బిగించి వెనక్కి నెట్టాను. అది తల విదిలించింది. కొంగు దాని ముక్కుల మీద ఒరుసుకుంటూ ఊడొచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక అల వచ్చి మా ముఖాల మీద పడింది.

మల్లి గట్టిగా చీది, మెడ చాచి, ముక్కుపుటాలు విప్పి ఎదురుగా ఉన్న గాలిని పీల్చింది. తల్లి మూతి దగ్గర ముక్కు పెట్టి పీల్చేదే, అచ్చం అలాగే. సముద్రం మీద గాలి మా వైపే వీస్తోంది. నాకు మాత్రం ఉప్పు వాసన, బామ్ వాసన తప్ప ఏమీ తెలియలేదు.

పీల్చి, బిగుసుకుపోయింది. దాని మెడ మీద నా చెయ్యి ఉంది. ఆ మెడ వణకడం మొదలుపెట్టింది. చెవులు వెనక్కి పడిపోయాయి. తల్లి దగ్గర అది ఎన్నడూ చెవులు అలా పెట్టలేదు.

అప్పుడు మూడోసారి వినపడింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో. అయితే ఈసారి దగ్గు ముందు వచ్చింది. రెండుసార్లు దగ్గి, ఆ తర్వాత సకిలించింది. ఎవరో విని నేర్చుకున్న పాఠం తప్పు అప్పగించినట్టు ఉంది.

మల్లి అరిచిన అరుపు నేను ఏ గుర్రం దగ్గరా వినలేదు. నీళ్లలోనే గిర్రున తిరిగి ఒడ్డుకి దూకింది. నేను కళ్లెం పట్టుకుని వేలాడుతూ దాంతోపాటే ఈడ్చుకుపోయాను. చిన్ని జూలు వదల్లేదు. ఒడ్డున ఒకతను దాన్ని ఎత్తి దింపేదాకా వేళ్లు విప్పలేదు.

"మగగుర్రం అరుత్తుందనుకున్నామండి" అన్నాడు అతను. అంటే వాళ్లూ విన్నారు. మగగుర్రం రోడ్డు మీద వ్యానులో ఎండుగడ్డి నములుతోంది. అది నోరే విప్పలేదని దాని యజమాని ఒట్టేసి చెప్పాడు. పైగా రోడ్డు మా వెనక ఉంది, గొంతు ముందు నుంచి వచ్చింది.

మల్లి ఇంక ఆ రోజు ఊరేగింపులో నడవలేదు. రెండో పెళ్లికొడుకు కారులో వెళ్లాడు.

మా ఆయన "గాలికి అలా వినపడుంటుందిలేవే" అన్నాడు. అంటూనే చిన్నిని ఒళ్లోంచి దింపలేదు. మర్నాడు మా పశువుల డాక్టరు గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "గుర్రాలు తెలిసిన గొంతుని ఏళ్ల తరబడి మర్చిపోవమ్మా. గొంతు ఒకరిదై వాసన ఇంకొకరిదైతే తికమకపడి బెదురుతాయి. అంతే, భయపడకండి" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. నేను కాదనను. కానీ మరి ఆ గొంతు ఎవరిది? ముక్కుకి బామ్ ఉన్నంతసేపూ మల్లి అది అమ్మే అనుకుని వెళ్లింది. వాసన తెలిశాక కాదనుకుంది. అక్కడ ఏదీ లేకపోతే అది దేన్ని వాసన చూసినట్టు?

ఇంతటితో అయిపోయి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు.

ఆ తర్వాత మల్లిని ఊరేగింపులకి పంపడం మానేశాం. మా ఇంటి ముందు ఎత్తు రేకుల గేటు ఉంది. బయట ఎవరున్నారో లోపలికి కనపడదు. గేటు పక్కనే మల్లి పాక, పగలు దాన్ని కట్టెయ్యం. చిన్ని బడి బస్సు దిగి వస్తే ముందు నీళ్ల సీసాతో గేటు మీద దబదబా బాదుతుంది, తర్వాత "అమ్మా, గేటు తియ్యి" అని అరుస్తుంది. దాని గొంతు వినగానే మల్లి గురగురమంటుంది. రోజూ జరిగేదే.

నిరుడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం, వాన మొదలైతే పెరట్లో బట్టలు తీస్తున్నాను. "అమ్మా, గేటు తియ్యి" అని వినపడింది. ఇవాళ బస్సు తొందరగా వచ్చిందే అనుకుంటూ వెళ్లాను. మల్లి గురగురమంది. గడియ మీద చెయ్యి వేశాను.

అరుపు అయిపోయాక అప్పుడు దబదబా బాదిన చప్పుడు వచ్చింది.

మల్లి గేటు కింది సందులో మూతి పెట్టి పీల్చింది. చెవులు వెనక్కి పడిపోయాయి. గబుక్కున తల ఎత్తి, మెడతో నన్ను నెట్టేసి, గేటుకి అడ్డంగా నిలబడింది. ఒళ్లంతా వణుకుతోంది.

"అమ్మా" అంది బయట. నా కూతురి గొంతే. ఏడుపు గొంతుతో మళ్లీ "అమ్మా" అంది.

ఏ తల్లికీ ఆ పరిస్థితి రాకూడదు. తీస్తే ఏమిటో తెలియదు. తీయకపోతే, నిజంగా నా బిడ్డే అయి వానలో నిలబడి ఉంటే? బస్సు డ్రైవరుకి ఫోన్ చేశాను. "ఇంకా రైల్వే గేటు దగ్గరే ఉన్నామండి, గూడ్సు అడ్డం వచ్చింది" అన్నాడు. చిన్నికి ఫోన్ ఇమ్మన్నాను. "ఏంటమ్మా?" అంది అది ఫోన్‌లో. అదే సమయంలో గేటు అవతల కూడా "అమ్మా" అని వినపడింది. నేను మల్లి మెడ కావలించుకుని అక్కడే నిలబడిపోయాను.

తర్వాత అవతల నిశ్శబ్దం అయిపోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. బస్సు వచ్చింది. సీసా దబదబా మోగింది, ఆ తర్వాత అరుపు వచ్చింది. మల్లి సందులో మూతి పెట్టి పీల్చి, చెవులు ముందుకి తెచ్చి, గురగురమంది. అప్పుడు తీశాను. చిన్నిని దగ్గరికి లాక్కుని తల వాసన చూశాను. కొబ్బరినూనె, చెమట, వాన. "ఏంటే అమ్మా, పిచ్చా?" అని విసుక్కుంది.

ఇదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పూజలు చేయించమన్నవాళ్లు ఉన్నారు, నిద్ర సరిపోక అలా అనిపించిందన్నవాళ్లు ఉన్నారు. అందరి మాటా విన్నాను. గేటు మాత్రం నా అంతట నేను తీయను. బయట పిలిచింది మా ఆయనైనా, నా కూతురైనా, ముందు మల్లి వాసన చూడాలి.

మల్లికి వయసు మీద పడింది. పళ్లు అరిగిపోయాయి, ఈ మధ్య గడ్డి సరిగ్గా నమల్లేకపోతోంది. డాక్టరు గారు నెలకోసారి వచ్చి చూసి వెళ్తున్నారు. గుర్రాలు ఎన్నేళ్లు బతుకుతాయండీ అని ఆయన్ని అడుగుదామని ప్రతిసారీ అనుకుంటాను. ఇంతవరకూ అడగలేదు.