రెక్క దగ్గర సందు

మా బావకు కుడిచెయ్యి పడిపోయిన ఐదో నెలలో నేను ఒక విమానం కొన్నాను. అట్టపెట్టెలో ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ బొమ్మ విమానం. ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకుని ఉంటాయి. తుంచుకుని, గీకి, జిగురుతో అతికించుకోవాలి. వేళ్లకు సన్నపని అలవాటు చెయ్యమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. కందిపప్పు ఏరించమంది. పళ్లెం ముందు పెడితే బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత విశాఖపట్నంలో ఒక బొమ్మల దుకాణం అద్దంలో ఇది కనిపించింది.

బావ అంటే మా అక్క భర్త. బొబ్బిలిలో వీణలు చేస్తాడు. జబ్బు పడేనాటికి ఒక వీణ పూర్తికావచ్చింది, తీగల కింద ఇత్తడి మెట్లు పెట్టడం ఒక్కటే మిగిలింది. విజయనగరంలో సంగీతం చెప్పే ఒకావిడ చేయించుకుంటున్న వీణ అది. ఆవిడ తొందరపెట్టలేదు. పక్కవీధి పనివాళ్లు మాత్రం మెట్లు మేం పెట్టేస్తామని రెండుసార్లు వచ్చి అడిగారు. బావ వీణ మీద దుప్పటి కప్పించాడు. దాన్ని ఇంకొకరి చేతికిస్తే ఇక తన పని అయిపోయిందని ఒప్పుకున్నట్టే. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

అక్క అతని మణికట్టుకు ఎర్రదారం కట్టించింది. ఊరూరా మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చే నేను ఊరుకోలేదు. మెదడులో రక్తనాళం పూడుకుపోయిన జబ్బుకూ ఈ దారానికీ ఉన్న సంబంధం ఎవరైనా నాకు చూపించండని వాళ్ల వరండాలో సభలో మాట్లాడినట్టే మాట్లాడాను. నా మాటలో తప్పు లేదని ఇవాళ కూడా అంటాను. కానీ అక్క కొంగుతో కళ్లొత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. మాత్రలు వేళకు పడుతున్నాయి కదా అని దారం సంగతి అంతటితో వదిలేశాను.

పెట్టె చూసి బావ నవ్వాడు. "ఏటిది, నాకు పిల్లల ఆట తెచ్చినావేటి?" అన్నాడు. నా సరదాకే తెచ్చుకున్నానని, తను ముక్కలు పట్టుకుంటే చాలని చెప్పాను. మొదటి ఆదివారం విమానం పొట్ట రెండు సగాలూ నేనే అతికించాను. రెక్కలు తొడగబోతే పొట్టకు ఆనలేదు. మధ్యలో రూపాయి బిళ్ల పట్టేంత సందు. పెట్టెలోని సూచనల కాగితం ప్రకారం ముక్కల అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చేసినవాడికి బాధ్యత లేదని, కంపెనీకి ఉత్తరం రాస్తానని మొదలుపెట్టాను.

బావ రెక్కను ఎడమచేత్తో తీసుకుని, బొటనవేలితో ఆ సందు పొడుగునా తడిమాడు.

"జిగురు రాసే ముందు ఉత్తినే పెట్టి సూసినావా?"

చూడలేదన్నాను.

"ఊరందరినీ రుజువు అడుగుతావు గదరా బామ్మర్దీ."

అక్క లోపల్నుంచి నవ్వింది. చాలా రోజులకు విన్న నవ్వు అది. 

సందు ఎలా పూడ్చాలో బావకు అనుమానమే లేదు. అక్క చేత నల్లమైనం కరిగించాడు. వీణకు మెట్లు నిలబెట్టే మైనం అది. రెక్క మొదట్లో కూరితే గీత కూడా కనిపించలేదు. తర్వాతి ఆదివారం నేను బూడిదరంగు తెచ్చి వేశాను. మైనం మీద రంగు నిలవక బొట్లుబొట్లుగా విడిపోయింది. ఆరుతుందని కిటికీలో పెడితే మధ్యాహ్నం ఎండకు మైనం మెత్తబడి రెక్క కిందికి వాలిపోయింది.

బావ దాన్ని చాలాసేపు చూశాడు. మెట్టు ఎప్పుడైనా కదపాల్సి వస్తుంది కాబట్టి దానికి మైనం మంచిదనీ, రెక్క కదలకూడదనీ తనలో తను చెప్పుకున్నట్టు అన్నాడు. అక్క తలపిన్నుతో మైనమంతా గీకి తీసింది.

"కర్ర పగిలితే ఆ కర్ర పొట్టే జిగురులో కలిపి కూరతాం. దీనికి పొట్టేటి?" అని అడిగాడు.

ముక్కలు తుంచగా మిగిలిన చట్రం చూపించాను. దాన్ని చాకుతో సన్నగా తరిగి సీసామూతలో వేసి జిగురు పోస్తే, కాసేపటికి కరిగి జావలా అయింది. అయినా బావ రెక్క జోలికి పోనివ్వలేదు. ముందు రెండు పనికిరాని ముక్కల మీద వేయించి, ఆరనిచ్చి, విరిచి చూశాడు. ఈలోగా రెక్క అంచు నా చేత అరగదీయించాడు. మూడు గీకులు గీకడం, పెట్టి చూడడం, మళ్లీ మూడు. నేను నాలుగో గీకు గీకితే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. సందు వెంట్రుకంత అయ్యాక ఇక చాలన్నాడు.

జావ కూరడం మాత్రం తనే చేస్తానన్నాడు. గోనె కుట్టే సూది కుడిచేతిలో పట్టుకున్నాడు. అక్క విమానాన్ని కదలకుండా పట్టుకుంది. సూది సందు దాకా వెళ్లింది, అక్కడ చెయ్యి వణికి జావ రెక్కంతా పూసుకుపోయింది. తుడిచి మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అంతే. సూది బల్ల మీద పెట్టేసి, దుప్పటి కప్పి ఉన్న మూల వైపు చూశాడు.  

అక్క విమానం నా చేతికిచ్చి సూది తీసుకుంది. ఎవరినీ అడగలేదు. బావ ఆమె చేతివైపు ఒరిగాడు.

"పైనుంచి కాదే. కిందనుంచి రా. ఆగు... ఇప్పుడు సూడు."

ఆమె కూరుతుంటే అతను కళ్లు మూసుకుని ఎడమచేతి వేలికొనతో తడుముతూ, ఇక్కడ ఎక్కువైందనీ అక్కడ తక్కువైందనీ చెప్పాడు. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దితే అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి ఇంటినిండా మైనం వాసన. దుప్పటి తీసేసి ఉంది. బావ వీణ మీదికి చెవి వంచి కూర్చున్నాడు. ఎదురుగా అక్క. ఆ ఇంటికి కోడలై వచ్చినప్పటినుంచి ఆ మైనం కరిగిస్తున్నది ఆమే. ఒక్క మెట్టు కూడా ముట్టుకుని ఎరగదు. వద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు. ఆడవాళ్ల చదువు గురించీ పని గురించీ ఎన్ని ఊళ్లలో మాట్లాడానో, ఆ వరండాలో కూర్చుని ఆ సంగతి నేనూ అడగలేదు.

ఆమె మెట్టు మీద తీగ నొక్కితే అతను ఎడమచేత్తో మీటుతున్నాడు. "అటు. ఇంకొంచెం. ఆపు." వెచ్చటి మైనంలో మెట్టు జరుగుతోంది. సరిగ్గా ఉందా అని ఆమె అడిగింది.

"నన్నడుగుతావేటి? నువ్వు విను," అన్నాడు.

ఆ పూట మూడు మెట్లు పెట్టారు. మూడోదాన్ని ఎక్కడ ఆపాలో ఆమే విని ఆపింది. బావ ఇంకోసారి మీటాడు, దిద్దలేదు. పళ్లెంలోంచి నాలుగో మెట్టును కుడిచేత్తో తీసి ఆమెకు అందించబోయాడు. రెండుసార్లు వేళ్లలోంచి జారింది. అక్క చెయ్యి చాచి, తొందరపెట్టకుండా అలాగే ఉంచింది.