అమ్మమ్మ ముట్టుకున్న గుర్రం

అమ్మమ్మకు వంకర అంటే పడదు. ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు మడతపెట్టిన చేతులవి. అంచుకు అంచు కలవకపోతే విప్పి మళ్ళీ మడవాల్సిందే. ఇంటికొచ్చిన చుట్టానికి కాలరు తిరగబడి ఉంటే ముందు కాలరు, తర్వాతే పలకరింపు.

తాతయ్యకు చదరంగం పిచ్చి. కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగంలో ఊళ్ళో ప్రతి గుమ్మం ఎక్కి దిగాడు. రిటైరయ్యాక కుర్చీ మాత్రం దిగలేదు. పెళ్ళయిన కొత్తలో అమ్మమ్మకు ఆట నేర్పింది ఆయనే. అక్కడే తప్పులో కాలేశాడు. ఆవిడ గెలవడం మొదలుపెట్టింది. గెలిచిన ప్రతిసారీ తాతయ్య పావుల్ని డబ్బాలో వేస్తూ ఒకటే మాట: "పోన్లే పాపం అని వదిలేశానే."

ఆ మాట వినీ వినీ అమ్మమ్మకు నిజంగానే అనుమానం పట్టుకుంది. తనకు ఆట వచ్చా, రాదా? అది తేల్చుకోవడానికే ప్రాంతీయ క్రీడోత్సవాల్లో చదరంగానికి పేరిచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు తనను ఎందుకు వదులుతారు?

"పరుగు పందేనికి కూడా ఇవ్వకపోయావా?" అన్నాడు తాతయ్య.

"మీరు వెంటపడి తరుముతానంటే ఇస్తాను."

నాలుగు ఆటల్లో మూడు గెలిచింది. ఐదోది కూడా గెలిస్తే కంచు పతకం. వెనక వరుసలో తాతయ్య గోళ్ళు కొరుకుతున్నాడు. ఎవరైనా అడిగితే పంటినొప్పి అంటున్నాడు.

చదరంగానికి ఇచ్చిన గది బరువులెత్తేవాళ్ళ హాలును ఆనుకుని ఉంది. అక్కడెవరో ధబీమని బరువు పడేసినప్పుడల్లా ఇక్కడ బల్లల మీద ఏనుగులూ గుర్రాలూ గెంతుతున్నాయి. రిఫరీకి ఓపిక చచ్చిపోయి, "కాస్త మెల్లగా దించండర్రా!" అని కేకేస్తూ అటు పోయాడు.

అమ్మమ్మ ఎదురుగా ఒక బస్సు డ్రైవరు కూర్చున్నాడు. ఆటలో పైచేయి అమ్మమ్మదే. ఎత్తు వేయాల్సిన వంతూ ఆవిడదే. అంతలో ఇంకో బరువు పడింది. అమ్మమ్మ గుర్రం మొహం గోడవైపు తిరిగిపోయింది.

చెయ్యి ఆగుతుందా! రెండు వేళ్ళతో గుర్రాన్ని తిన్నగా తిప్పేసింది.

తిప్పాక గుర్తొచ్చింది. ముట్టుకున్న పావునే కదపాలన్నది అక్కడి నియమం. ఆ గుర్రమే మంత్రికి కాపలా. అది కదిలితే మంత్రి పోయినట్టే.

డ్రైవరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పర్లేదు పిన్నిగారూ. సర్దుతున్నానని ముందు ఒక్క మాట అంటే సరిపోయేది. అన్నారనే అనుకుంటాను. మీకు నచ్చింది ఆడండి."

పతకం మళ్ళీ చేతికందేంత దగ్గరికి వచ్చి ఆగింది.

"అనలేదుగా బాబూ."

"ఓడిపోతారండీ!"

"ఓడితే ఓడతాను. నన్ను వదిలిపెట్టడానికి ఇంట్లో ఒకాయన ఉన్నారు, చాలు."

గుర్రాన్ని ఎత్తి వేరే గడిలోకి గెంతించింది. మంత్రి పోయింది. ఆ మంత్రి లేని సైన్యంతోనే గంటంపావు ఆడింది. డ్రైవరు చొక్కా వీపున తడిసి అతుక్కుపోయింది. చివరికి గెలిచింది అతనే, కానీ మొహంలో గెలిచిన కళ లేదు.

"మంత్రి ఉండుంటే నన్ను ఉతికి ఆరేసేవారు పిన్నిగారూ" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో తాతయ్య అమ్మమ్మ వైపు వంగాడు.

"ఏమే, ఆ డ్రైవరు నీతో గొణగడం చూశాను. వదిలేస్తానన్నాడా?"

"అన్నాడు."

"మరి ఒప్పుకోలేదేం?"

"మీరు వదిలినవి చాలవా?"

తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. "నేనేం వదల్లేదు. కొత్తలో రెండే రెండు ఆటలు వదిలాను, నీకు విసుగు పుట్టి మానేస్తావేమోనని. మిగతావన్నీ నువ్వు గెలిచినవే."

అమ్మమ్మ ఆయన చేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే ఆ రెండూ చెల్లవు. ఇంటికెళ్ళగానే మళ్ళీ ఆడాలి."

"ఇవాళేనా? అలిసిపోయానే!"

"పొద్దుట్నించీ మీరు కూర్చునేగా ఉన్నారు!"