బిగువు పుస్తకం

టెన్నిస్ క్లబ్బులో గ్యాలరీ మెట్ల కింద ఒక గది ఉంది. పైన మెట్లు ఏటవాలుగా దిగుతాయి కాబట్టి ఆ గదిలో సగం వరకే మనిషి నిటారుగా నిలబడగలడు, మిగతా సగంలో తల వంచాల్సిందే. ఇరవై రెండేళ్లుగా అక్కడే పనిచేస్తున్నా తీగలక్క వారానికి ఒక్కసారైనా ఆ మెట్లకు తల కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా "నీ ఇల్లు బంగారం కానూ" అని మెట్లను తిట్టి, నెత్తి రుద్దుకుని, మళ్ళీ పనిలో పడుతుంది.

ఆమె పని రాకెట్లకు తీగలు బిగించడం. క్లబ్బులో గట్టింగ్ అంటారు. నిలువు తీగలు పదహారు, అడ్డం తీగలు పంతొమ్మిది, ఒక్కో రాకెట్‌కు నలభై నిమిషాలు. అంతకు ముందు మోటార్లకు రాగి తీగ చుట్టే షాపులో ఉండేది. ఈ గది నడిపే బావగారికి చూపు మందగించినప్పుడు ఆమెను పిలిచి, "నీ చేతిలో తీగ మాట వింటుందమ్మా, వచ్చి కూర్చో" అన్నారు. ఆ మాటలో 'కూర్చో' అన్నది ఒక్కటే అబద్ధం. ఇది నిలబడి చేసే పని. ఇప్పుడు ఆమెకు యాభై మూడు. కుడి బొటనవేలు కీలు దగ్గర ఎప్పుడూ వాచే ఉంటుంది, సాయంత్రానికి మోకాళ్ళు తమ సంగతి తాము చెప్పడం మొదలుపెడతాయి.

గదిలో ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఎవరి రాకెట్, ఏ తారీఖు, ఎన్ని పౌండ్ల బిగువు. తీగ తెగిపోయాక మళ్ళీ అదే బిగువుకు కట్టాలంటే ఈ పుస్తకమే దిక్కు. ఎనిమిదేళ్లుగా అందులోని అంకెలన్నీ ఆమె కూతురి చేతిరాతే. పన్నెండేళ్లప్పుడు బడి నుంచి వచ్చి, మెట్లు బాగా కిందికి దిగే మూలలో, తన ఒక్కదానికే తల తగలని చోట నిలబడి రాయడం మొదలుపెట్టింది. అమ్మ పౌండ్లు చెప్పేది, పిల్ల రాసేది. ఆ తర్వాత బయటికి పోయి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళతో ఆడేది. ఇప్పుడు ఇరవై ఏళ్లు. క్లబ్బు మహిళల లీగ్‌లో గట్టి ఆటగత్తె.

ఆ ఏడు నగర మహిళల జట్టులో ఒకే ఒక్క చోటు మిగిలింది. లీగ్ గెలిచినవాళ్ళకే ఆ చోటు. ఆదివారం ఫైనల్లో కూతురు ఓడిపోయింది. నాలుగు ఆరు, అయిదు ఏడు. గెలిచిన మనిషిని క్లబ్బులో అందరూ మందులక్క అంటారు, ఆసుపత్రిలో మందుల కౌంటర్లో పనిచేస్తుంది కాబట్టి. ముప్పై రెండేళ్లు, పొడగరి, తక్కువ మాట్లాడే మనిషి. ఆమె ట్రాన్స్ మహిళ. పుట్టినప్పుడు కాగితం మీద అబ్బాయని రాశారు, ఇరవై ఆరో ఏట నుంచి స్త్రీగా బతుకుతోంది. క్లబ్బులో చేరిన రోజే ఆ సంగతి తనే చెప్పింది. రెండేళ్ల కిందట డాక్టర్ల కాగితాలు, రక్త పరీక్షలు చూసి కమిటీ ఆమెను మహిళల లీగ్‌లోకి తీసుకుంది.

ఆ రెండేళ్లూ క్లబ్బులో చర్చ తెగలేదు. రాకెట్ కోసం వచ్చినవాళ్ళకు నలభై నిమిషాల పని ఏముంటుంది? తీగలక్క గది గుమ్మానికి చేరగిలబడి మాట్లాడతారు.

"మందులేసుకుంటే కండ తగ్గుతుందేమో గానీ, ఎముక పొట్టిదవుతుందా?"

"అయితే పొడుగ్గా ఉన్న ఆడవాళ్ళందరినీ ఇంటికి పంపించేస్తావా?"

"పొడుగు పుట్టడం వేరు, అబ్బాయిగా పెరగడం వేరు."

"ఆవిడ మాత్రం ఎక్కడ ఆడాలి? మగాళ్ళ లీగ్‌లోనా?"

సెక్రటరీ గారు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. పరిశోధన పత్రాలు తెప్పించి, అట్ట వేసి మరీ చదివారు. ఒక పత్రం మందులతో బలం తగ్గుతుందంటుందట, ఇంకొకటి తగ్గింది చాలదంటుందట. తను చదివిన వాటిలో ఒక్కటి కూడా టెన్నిస్ ఆడేవాళ్ళను కొలిచింది కాదని చెప్పి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. చివరికి అందరూ ఇటు తిరిగేవారు.

"నువ్వేమంటావు తీగలక్కా?"

"నేనేమంటాను, తీగ తెగిందంటాను."

నవ్వేసి వెళ్ళిపోయేవారు. రెండేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నదో ఆమెకే తెలీదు. మొదట్లో హాస్యానికి అన్నది, రాను రాను వేరే మాట వెతుక్కునే ఓపిక లేక అన్నది.

బుధవారం పొద్దున సెక్రటరీ గారు తల వంచుకుని గదిలోకి వచ్చారు. చేతిలో ఒక అర్జీ, దాని కింద పద్నాలుగు సంతకాలు.

"ఇది చదువుతాను, వినండమ్మా. 'ఆమె రాకెట్ బిగువు యాభై తొమ్మిది పౌండ్లు. లీగ్‌లో ఇంకే మహిళా యాభై నాలుగు దాటదు. అంత బిగువు ఆడవాళ్ళ చేతికి సాధ్యం కాదు. ఆమె గెలుపును రద్దు చేసి, ఆ చోటు రెండో స్థానంలో ఉన్న అమ్మాయికి ఇవ్వాలి.' శనివారం నాలుగింటికి మీటింగ్. మీ పుస్తకం తీసుకురావాలి."

"ఈ అంకె వాళ్ళకెవరు చెప్పారండీ?"

"అది మీకే తెలియాలి మరి" అని ఆయన వచ్చినట్టే వంగి వెళ్ళిపోయారు.

తెలియకేం. ఆ పుస్తకం తెరిచేది ఇద్దరే.

ఆమెను కుంగదీసింది అంకె బయటికి పోవడం కాదు. బిగువు ఎక్కువైతే దెబ్బ బలంగా పడుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పిల్లలు పరుపు మీద గెంతితే ఎగురుతారు, గచ్చు మీద గెంతితే ఎగరరు. తీగా అంతే. వదులుగా ఉంటే బంతిని వెనక్కి తంతుంది, బిగిస్తే ఆ తన్ను తగ్గుతుంది. బంతి అనుకున్న చోట పడుతుంది, వేగం మాత్రం పోతుంది. ఈ ముక్క ఆమె కూతురికి పన్నెండో ఏటే చెప్పింది.

ఆ సాయంత్రం కూతురు వంటగది గట్టు దగ్గర నిలబడి పాత బ్రష్షుతో బూట్ల మట్టి దులుపుతోంది. బస్సు డ్రైవరైన తండ్రి డ్యూటీలో ఉన్నాడు.

"యాభై తొమ్మిదని నువ్వే చెప్పావా?"

బ్రష్షు ఆగింది. "చెప్పాను."

"దానర్థం నీకు తెలుసుగా."

"నేను అబద్ధం చెప్పలేదమ్మా. అంకె చెప్పాను."

"మరి అర్థం?"

"వాళ్ళు అడగలేదు."

తీగలక్క స్టూలు లాక్కుని కూలబడింది. "మీటింగ్‌లో నన్ను అడుగుతారే. అప్పుడేం చెప్పమంటావు?"

"ఏమీ చెప్పొద్దు. పుస్తకం ఇచ్చి వచ్చెయ్. నీ పని తీగలు కట్టడం, పాఠం చెప్పడం కాదు." బూటును గట్టు మీద పడేసింది. "రెండేళ్లమ్మా. పొద్దున్నే అయిదింటికి లేచాను, ఒక్క పెళ్ళికి పోలేదు, ఒక్క సినిమాకు పోలేదు. ఆవిడ మంచిదే, కాదనను. కానీ నా చెయ్యి ఎంత చాచినా ఆవిడ సర్వీసు అందదు. నేనేం తప్పు చేశాను? నువ్వసలు ఎవరి అమ్మవి?"

"నీ అమ్మనే. కాబట్టే ఒళ్ళు మండుతోంది."

ఆ రాత్రి ఇద్దరూ వేరే వేరే కంచాల్లో వేరే వేరే వేళకు తిన్నారు.

గురువారం మందులక్క వచ్చింది. మోచేతికి పట్టీ. బిగువు ఎక్కువైన రాకెట్ ప్రతి దెబ్బనూ చేతిలోకి తిప్పి కొడుతుంది. మోచెయ్యి పాడైపోతుందని తీగలక్క ఏడాదిగా చెవినిల్లు కట్టుకుని పోరుతూనే ఉంది.

"పుస్తకం అడిగారటగా అక్కా."

"ఇవ్వమంటావా?"

"ఇచ్చెయ్. రక్తం ఇచ్చాను, డాక్టర్ కాగితాలిచ్చాను. పుస్తకానికేముంది, అదీ చదువుకోనీ."

తీగలక్క పుస్తకం తెరిచింది. చిన్న అక్షరాలు ఆమెకు అలుక్కుపోతాయి గానీ అంకెలు గుర్తే. నాలుగేళ్ల కిందట యాభై. లీగ్‌లో చేరాక మొదటి మ్యాచ్‌లో గ్యాలరీ నుంచి ఎవరో అరిచారు, ఆ మర్నాడు యాభై మూడు. బంతి తగిలి ఒకామె భుజం కమిలింది, ఆ వారం యాభై ఆరు. ఈ ఏడు యాభై తొమ్మిది.

"ఎందుకు పెంచుతూ వచ్చావో నాకు తెలుసు. అయినా నీ నోట వినాలనుంది."

మందులక్క పట్టీ సవరించుకుంది. "గట్టిగా కొడితే 'చూశారా' అంటారు. మెల్లగా కొట్టాలని చూస్తే నాకు ఆటే రాదు. తీగ బిగిస్తే దెబ్బ దానంతటదే తగ్గుతుంది, చెయ్యి మాత్రం పూర్తిగా తిప్పుకోవచ్చు. అలా తిప్పడం కోసమే కదా అక్కా ఆడేది."

"ఒకసారి ఓడిపోతే పోయేదిగా."

"ఓడానుగా. పోయిన ఏడు మూడుసార్లు ఓడాను. అప్పుడు ఒక్కరూ సంతకం పెట్టలేదు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

శనివారం మీటింగ్ గదిలో ఫ్యాను కింద ఇరవై మంది కూర్చున్నారు. మందులక్క కిటికీ పక్కన, కూతురు వెనక వరసలో. సెక్రటరీ గారు పుస్తకం తిరగేసి, "యాభై తొమ్మిది. నిజమే" అన్నారు. గదిలో ఒక గుసగుస అటు నుంచి ఇటు నడిచింది. పుస్తకం మూయబోతూ ఆయన మర్యాదకు అడిగారు, "మీరేమైనా చెబుతారా అమ్మా?"

చెప్పకుండా ఉండటం ఎంత తేలికో ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. తీగ తెగిందనేస్తే చాలు, అందరూ నవ్వి లేస్తారు. కూతురికి చోటు వస్తుంది. వెనక వరస వైపు చూడకుండా ఆమె లేచి నిలబడింది.

"అది బలం అంకె కాదండీ. అంత బిగిస్తే బంతి వేగం తగ్గుతుంది. కావాలంటే నా దగ్గర రెండు రాకెట్లున్నాయి, కొట్టి చూసుకోండి. ఈవిడ రెండేళ్లుగా తన దెబ్బ తగ్గించుకుంటూ వస్తోంది. పుస్తకంలో ఉన్నది అదే."

అర్జీ రాసినవాళ్ళకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. మందులక్క తల దించుకుంది. అంతా అయిపోయిందనుకునే లోపే వెనక కుర్చీ కిర్రుమంది. కూతురు లేచింది. తోటివాళ్ళ ముందు అమ్మను అమ్మా అనే పిలిచింది.

"అమ్మా, అయితే ఆవిడ యాభైకే కట్టుకుని ఆడి ఉంటే?"

తీగలక్కకు ప్రశ్న ఎటు పోతోందో అర్థమైంది. "ఇంకా వేగంగా వచ్చేది."

"అంటే ఆవిడ చెయ్యి కట్టేసుకుని ఆడింది. అయినా నేను ఓడాను. అంతేనా?"

తీగలక్క చెప్పిన నిజాన్ని పిల్ల అందుకుని, ఇంకో వైపు నుంచి కొట్టింది. అంతటితో ఆగలేదు.

"ఎంత తేడా వస్తుందమ్మా?"

"కొద్దిగానే. ఖచ్చితంగా ఎంతో నాకు తెలీదమ్మా. దానితో గెలుపు మారేదో లేదో కూడా తెలీదు. తీగ సంగతి చెప్పగలను. మనిషి సంగతి ఆ పుస్తకంలో లేదు."

సెక్రటరీ గారు కళ్ళజోడు తీసి తుడిచారు. గంటసేపు మాట్లాడుకున్నాక పై సంఘానికి రాయాలని తేల్చారు. జవాబు వచ్చేదాకా నగర జట్టులో ఆ చోటు ఎవరికీ లేదు. బయటికి వచ్చేటప్పుడు సంతకం పెట్టిన ఒకామె, "నీ కూతురి నోటి దగ్గరిది నువ్వే లాగేశావు" అంది. మందులక్క పక్షాన మాట్లాడే ఇంకొకాయన, "మీరు అంత వివరంగా చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. తీగలక్క ఇద్దరికీ తల ఊపింది.

ఆదివారం, సోమవారం, మంగళవారం కూతురు గదికి రాలేదు. పుస్తకంలో తీగలక్కే రాసుకుంది, పెద్ద పెద్ద అంకెలు, గీత దాటి పోతూ. సోమవారం మందులక్క రాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"యాభైకి కట్టక్కా. ఇంక దాచుకోడానికి ఏముంది? మోచెయ్యైనా మిగులుతుంది."

బుధవారం సాయంత్రం గుమ్మం దగ్గర ఠంగుమని చప్పుడైంది.

"నీ ఇల్లు బంగారం కానూ!"

కూతురు నెత్తి రుద్దుకుంటూ లోపలికి వచ్చింది. చిన్నప్పటి మూల ఇప్పుడామెకు భుజాల వరకే వస్తుంది. పుస్తకం చూసి మొహం చిట్లించింది. "ఇదేంటమ్మా, ముప్పైయా, యాభైయా?"

"యాభై."

"ఎవరిది?" అని పక్కన పేరు చూసుకుంది. కలం చేతిలో ఉంది, రాయడం లేదు. తీగలక్క మిషను మీద తీగ లాగుతూ, అటు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. కాసేపటికి కలం కదిలిన చప్పుడు వినిపించింది. అమ్మ అంకెను కొట్టేసి, పక్కనే గుండ్రంగా యాభై వేసి, తారీఖు రాసింది.

"నువ్వు మా అమ్మవి కాకపోతే నీ మీద కూడా సంతకాలు సేకరించేదాన్ని."

"సేకరించు. మొదటి సంతకం నాదే."

కూతురు నవ్వలేదు. సంచిలోంచి తన రాకెట్ తీసి బల్ల మీద పెట్టింది. ఫైనల్లో తెగిన తీగ ఇంకా అలాగే వేలాడుతోంది.

"ఎంతకి కట్టను?"

"యాభై రెండే. నాదేం మారలేదుగా."

తీగలక్క తెగిన తీగలను కత్తిరించి లాగేసింది. ఖాళీ ఫ్రేములోంచి అవతల గోడ కనబడింది. బొటనవేలు సలుపుతోంది. కొత్త తీగ చుట్ట విప్పుతూ, "నలభై నిమిషాలు పడుతుంది, కూర్చో" అంది.

"ఎక్కడమ్మా?" అంది కూతురు, గదంతా ఒకసారి చూసి. అని, మెట్ల కింద తల వంచి, గోడకు ఆనుకుని నిలబడింది.